ఏయూనా, హెచ్‌సీయూనా: పీజీ సీటు కోసం చూస్తున్న విశాఖ విద్యార్థికి

డిగ్రీ చివరి సెమిస్టరు దగ్గరపడేసరికి విశాఖలో బీఏ, బీఎస్సీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఒక చర్చ తప్పకుండా మొదలవుతుంది. ఇంటి దగ్గరున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం(ఏయూ)లోనే పీజీ చేయించాలా, లేక దూరమైనా హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి (హెచ్‌సీయూకు) పంపించాలా అన్నది దాని సారాంశం. ఏయూలో ఎం.ఏ. చదివి, ఆ తరువాత హెచ్‌సీయూలో పరిశోధన చేసి, మళ్లీ పెదవాల్తేరుకే చేరుకున్న కారణంగా ఈ ప్రశ్న నా దగ్గరకు ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటుంది. చుట్టాలు అడుగుతారు, అపార్ట్‌మెంటులోని వారు అడుగుతారు, ఒక్కోసారి పిల్లలే తల్లిదండ్రులకు తెలియకుండా ఫోన్ చేసి అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే మాటలను ఒకచోట రాస్తున్నాను. ఇంజనీరింగ్, ఎంబీఏ విషయాల జోలికి పోను. అవి వేరే లెక్కలతో నడుస్తాయి. ఆర్ట్స్, సైన్స్ పీజీ వరకే ఈ సమీక్ష.

మొదట ఒక సంగతి తేల్చుకుంటే మిగిలినది తేలిక అవుతుంది. ఏయూ రాష్ట్ర విశ్వవిద్యాలయం, హెచ్‌సీయూ కేంద్రీయ విశ్వవిద్యాలయం; రెండూ ప్రభుత్వానివే కాబట్టి ప్రైవేటు సంస్థలతో పోల్చి చూస్తే రెండింటి ఫీజులూ మధ్యతరగతి కుటుంబం మోయగలిగినవే. ఫీజు చూసి నిర్ణయించుకోవలసిన అవసరం ఇక్కడ లేదు. ర్యాంకుల పట్టికలు కూడా పెద్దగా ఉపయోగపడవు, ఎందుకంటే ఆ అంకె విశ్వవిద్యాలయం మొత్తానికి సంబంధించినది. మీరు చేరబోయేది ఒక్క శాఖలో. నా ఉద్దేశంలో అసలు తేడా ఆ రెండు ప్రాంగణాలకూ వాటి నగరాలకూ ఉన్న సంబంధంలో ఉంది. ఏయూ విద్యార్థికి క్లాసు అయిపోగానే విశాఖ నగరం మొదలవుతుంది. హెచ్‌సీయూ విద్యార్థికి ప్రాంగణమే నగరం. హైదరాబాద్‌కు అతడు అప్పుడప్పుడు వెళ్లివస్తాడు. చదువు తీరు, స్నేహాలు, భాష, చివరకు ఉద్యోగ ప్రయత్నాలు కూడా ఈ తేడాను బట్టే మారతాయి.

ఏయూ 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలి ఉపాధ్యక్షులుగా (వైస్ ఛాన్సలర్లుగా) పనిచేసిన సంస్థ అన్న గొప్ప అందరికీ తెలిసినదే. స్నాతకోత్సవ ఉపన్యాసాలలో ఏటా వినబడేదే. విద్యార్థికి అంతకన్నా పనికివచ్చే చరిత్ర శాఖల్లో ఉంది. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, తెలుగులో పింగళి లక్ష్మీకాంతం వంటి వారు పాఠాలు చెప్పిన శాఖలవి. గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధులైన సి.ఆర్. రావు గణితంలో ఎం.ఏ. చేసింది ఇక్కడే. ఆ వైభవం అన్ని శాఖల్లోనూ సమానంగా మిగిలి లేదన్నది వేరే మాట.

ఏయూలో నేను నిస్సంకోచంగా ముందు పెట్టేది సముద్రానికి, భూమికి సంబంధించిన శాఖలను. వాతావరణ, సముద్ర శాస్త్రాల శాఖ, భూభౌతిక శాస్త్రం, భూగర్భ శాస్త్రం, సముద్ర జీవవనరుల శాఖ వంటివి ఇక్కడ ఉన్నట్లుగా దేశంలో చాలా విశ్వవిద్యాలయాల్లో లేవు. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడికి వచ్చి, భూగర్భ శాఖాధిపతి సి. మహదేవన్‌తో కలిసి బంగాళాఖాతం అధ్యయనానికి పునాది వేశారు. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మొదటి పేరు విశ్వవిద్యాలయానిది, రెండవది ఆచార్యునిది, మూడవది అప్పటి ఉపాధ్యక్షుడు వి.ఎస్. కృష్ణది. ఆయన పేరే నేటి గ్రంథాలయానికీ ఉంది. బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని బఠానీలు తినేవారిలో ఎంతమందికి ఎదురుగా నీళ్ల కింద ఈ పేర్లున్నాయని తెలుసునో నాకు అనుమానమే. పేర్ల మాట అలా ఉంచితే, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, వాతావరణ శాఖవారి తుపాను హెచ్చరికల కేంద్రం అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. ప్రాజెక్టు కోసం ఆటో ఎక్కి వెళ్లి, శాస్త్రవేత్తను కలిసి, సాయంత్రానికి హాస్టల్‌కు తిరిగి రావచ్చు. ఈ విషయాలు చదవాలనుకునే విశాఖ విద్యార్థి హైదరాబాద్ వైపు చూడనవసరం లేదు.

రసాయనశాస్త్రం సంగతి కొంచెం భిన్నం. ఏయూలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవారికి పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం పరిశ్రమలు దగ్గర కావడం వల్ల చదువు కాగానే ఏదో ఒక క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువ. ఇంటి పరిస్థితి దృష్ట్యా వెంటనే సంపాదన కావలసినవారికి ఇది చిన్న విషయం కాదు. కానీ అదే విద్యార్థి పరిశోధనలోకి వెళ్లాలనుకుంటే నేను హెచ్‌సీయూ అనే చెబుతాను. అక్కడి కెమిస్ట్రీ, ఫిజిక్స్, లైఫ్ సైన్సెస్ విభాగాల్లో ఎమ్మెస్సీ విద్యార్థి కళ్ల ముందే పరిశోధనశాల నడుస్తూ ఉంటుంది. సీనియర్లు పీహెచ్‌డీ చేస్తూ కనబడతారు. రెండవ ఏడాదికల్లా నెట్, గేట్ అన్న జాతీయ పరీక్షల మాటలు భోజనాల దగ్గర కూడా వినబడతాయి. నెట్ పరీక్ష ద్వారా వచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) రాకపోయినా, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసేవారికి యూజీసీ ఇచ్చే నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ ఉంటుంది. అది పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఇంటి నుంచి డబ్బు అడగకుండా మెస్ బిల్లు కట్టుకోగలగడం పాతికేళ్ల వయసులో గొప్ప ఊరట. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఈ సదుపాయం లేదు.

అధ్యాపకుల విషయం దాచి లాభం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నింటిలోనూ శాశ్వత అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాకుండా ఉన్నాయి, ఏయూ అందుకు మినహాయింపు కాదు. ఒక శాఖలో అనుభవజ్ఞులైన ఆచార్యులు నలుగురు కనబడితే, పక్క శాఖ గెస్ట్ ఫ్యాకల్టీ మీదనే నడుస్తూ ఉండవచ్చు. అందుకే ఏయూలో చేరే ముందు మీకు కావలసిన శాఖకు ఒకసారి స్వయంగా వెళ్లి, వరండాలో గదుల మీద ఉన్న పేరుపలకలు చూడండి. ఎంతమంది ఉన్నారు, ఎవరు ఎప్పుడు పదవీ విరమణ చేస్తారు అన్నది రెండవ ఏడాది విద్యార్థులను క్యాంటీన్‌లో అడిగితే ఒక్క టీ ఖర్చుతో తెలిసిపోతుంది. విశాఖలో ఉంటూ ఆ పని చేయకుండా వెబ్‌సైట్ చూసి నిర్ణయించుకునేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పుట్టుక రాజకీయమైనది. తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తరువాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో అది ఒక అంశం. రాజ్యాంగానికి 32వ సవరణ చేసి, 371ఈ అధికరణం చేర్చి, 1974లో స్థాపించారు. నాంపల్లి దగ్గర సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో తొలి తరగతులు జరిగాయి. తరువాత గచ్చిబౌలి దగ్గర సుమారు 2,300 ఎకరాల ప్రాంగణానికి మారింది. అప్పట్లో అది ఊరికి చాలా దూరం. ఇప్పుడు చుట్టూ అద్దాల భవనాలు లేచాయి గానీ గేటు లోపల మాత్రం బండరాళ్లు, చెరువులు, నెమళ్లు, సైకిళ్లు.

చదువు చెప్పే పద్ధతిలో నాకు కనబడిన ప్రధానమైన తేడా ఇది. హెచ్‌సీయూలో పాఠం చెప్పిన అధ్యాపకుడే ప్రశ్నపత్రం ఇస్తాడు, ఆయనే దిద్దుతాడు. సెమిస్టరు పొడవునా అసైన్‌మెంట్లు, సెమినార్లు, అంతర్గత పరీక్షలు ఉంటాయి. గైడు పుస్తకం, పాత ప్రశ్నపత్రాలు నమ్ముకుని చివరి పది రోజుల్లో చదివి గట్టెక్కే మార్గం అక్కడ లేదు. ఏయూలోనూ అంతర్గత మార్కులున్నాయి, కానీ విద్యార్థి దృష్టి అంతా సెమిస్టరు చివరి పరీక్ష మీదనే ఉంటుంది. దీనివల్ల ఒక విచిత్రమైన మేలు కూడా ఉంది: ఏయూ విద్యార్థికి తన సమయం తన చేతిలో ఉంటుంది. గ్రూప్-2కో, డీఎస్సీకో, బ్యాంకు పరీక్షకో చదువుకోవాలనుకునేవారు ఆ సమయాన్ని బాగా వాడుకుంటారు. ఏయూ హాస్టళ్లలో పీజీ అన్నది ఒక పక్క, పోటీ పరీక్ష అన్నది అసలు పక్క అన్నట్లుగా చదివేవారు ఎందరో ఉన్నారు. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఉదయం నుంచి రాత్రి వరకు తలెత్తకుండా కూర్చునేవారిలోనూ ఏయూ పిల్లలు చాలామంది కనబడతారు. ఉద్యోగం లక్ష్యంగా ఉన్న వారికి ఈ వాతావరణం మంచిదే. విషయం మీద ప్రేమతో వచ్చిన విద్యార్థికి మాత్రం అది నిరుత్సాహం కలిగించవచ్చు. సెమినార్‌లో ప్రశ్న వేస్తే పక్కవాడు గడియారం చూసుకోవడం అలవాటు చేసుకోవలసి ఉంటుంది.

భాష గురించి తల్లిదండ్రులు అడగరు, పిల్లలు అడగడానికి సిగ్గుపడతారు. అందుకే నేనే చెబుతాను. ఏయూ హాస్టల్‌లో శ్రీకాకుళం యాస, విజయనగరం యాస, గోదావరి యాస వినబడతాయి. పాడేరు, అరకు నుంచి వచ్చిన గిరిజన విద్యార్థులుంటారు. పాఠం ఇంగ్లీషులో మొదలై మధ్యలో తెలుగులోకి దిగుతుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవారికి ఊపిరి ఆడుతుంది. హెచ్‌సీయూలో మీ గదిలో మలయాళీయో, ఒడియా అబ్బాయో, అస్సాం వాడో ఉంటాడు. అన్నం దగ్గర కూడా ఇంగ్లీషో, వచ్చీ రాని హిందీయో మాట్లాడవలసిందే. మొదటి సెమిస్టరులో చాలామంది తెలుగు పిల్లలు క్లాసులో నోరు విప్పరు. ఎక్కువమంది రెండవ సెమిస్టరుకు తేరుకుంటారు; ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషులో వాదించడం వస్తుంది, మలయాళంలో నాలుగు తిట్లూ వస్తాయి. తేరుకోలేక తెలుగువారి గుంపులోనే ఉండిపోయేవారు కూడా ఉన్నారు. తమ పిల్లలు ఈ రెండు రకాల్లో ఎవరన్నది తల్లిదండ్రులకు తెలిసే ఉంటుంది.

ఇక సాంఘిక జీవితం. ఏయూ ప్రాంగణం ఒక పక్క మద్దిలపాలెం, మరో పక్క చినవాల్తేరు, సిరిపురం, కిందికి దిగితే బీచ్ రోడ్డు, ఇలా ఊరి నడుమ ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఇక్కడి చెట్లను నేలకూల్చిన తరువాత చాలాకాలం ప్రాంగణం బోసిగా కనిపించేది. ఇప్పుడు మళ్లీ నీడ వచ్చింది. సాయంత్రం నాలుగు దాటితే విద్యార్థులు గుంపులుగా దిగువకు నడుస్తారు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం, ఇసుకలో కూర్చుని కబుర్లు, ఏడున్నరకు తిరుగుముఖం. గురజాడ కళాక్షేత్రంలో నాటకమో, కళాభారతిలో కచేరీయో, పుస్తకావిష్కరణ సభో ఉంటే నడిచో ఆటోలోనో వెళ్లిపోవచ్చు. విశాఖలో సాహిత్య సభలకు వెళ్లేవారు ఎక్కువమంది పెద్ద వయసువారే; అక్కడికి ఒక ఏయూ విద్యార్థి వెళితే వాళ్లు కూర్చోబెట్టుకుని మాట్లాడతారు, పుస్తకాలిస్తారు. ఆ పరిచయాలు నాకు తరగతి గది కన్నా ఎక్కువ నేర్పాయి.

అయితే ఏయూలో ఒక లోటు ఉంది. నగరంలో ఇల్లున్నవారు క్లాసు కాగానే బస్సెక్కి వెళ్లిపోతారు, హాస్టల్‌వారు హాస్టల్‌కు పోతారు. ఒకే తరగతిలో రెండేళ్లు చదివి, ఒకరి ఇల్లు ఒకరు చూడనివారు ఎందరో. విద్యార్థి సంఘాలు ఉన్నాయి గానీ విశ్వవిద్యాలయ ఎన్నికలు ఏళ్లుగా లేవు. సంఘాల పని ధర్నాలకు, వినతిపత్రాలకు పరిమితమైంది. విశాఖ అమ్మాయి ఇంటి నుంచే ఏయూకు వెళ్లివస్తే ఆమె జీవితంలో డిగ్రీకీ పీజీకీ పెద్ద తేడా ఉండదు. అదే బస్సు, అదే టిఫిన్ డబ్బా, ఆరింటికల్లా ఇల్లు చేరాలన్న అదే నియమం. తల్లిదండ్రులకు ఇది నిశ్చింత. ఆ అమ్మాయికి ఏమిటన్నది ఆమెనే అడగాలి.

హెచ్‌సీయూలో సాయంత్రం వేరుగా ఉంటుంది. అందరూ అక్కడే ఉంటారు కాబట్టి ఎవరికీ తొందర ఉండదు. షాప్‌కామ్ అని పిలిచే దుకాణాల సముదాయం దగ్గర రాత్రి పదకొండుకు కూడా టీ తాగుతూ వాదనలు నడుస్తాయి. లైబ్రరీ నుంచి అమ్మాయిలు రాత్రి పొద్దుపోయాక నడిచి హాస్టల్‌కు వెళ్లడం అక్కడ మామూలు దృశ్యం. సరోజినీ నాయుడు కళల విభాగంవారు ఏదో ఒక నాటకం, నృత్యం, చిత్ర ప్రదర్శన పెడుతూనే ఉంటారు. సుకూన్ ఉత్సవం రోజుల్లో ఎవరూ నిద్రపోరు. విద్యార్థి సంఘ ఎన్నికలు వచ్చాయంటే మెస్‌లో కంచం పక్కన రాత్రికి నాలుగు కరపత్రాలు పడతాయి. ప్రతి కరపత్రానికీ మరుసటి పూట మరో సంఘం జవాబు ఉంటుంది. అంబేడ్కర్‌వాదులు, వామపక్షాలు, ఏబీవీపీ అందరూ చదివి, రాసి, వాదించి ఓట్లడుగుతారు. 2025లో ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలో విద్యార్థులు రోడ్డెక్కడం, సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించడం అందరూ చూసినదే. రాజకీయాలు వద్దనుకునేవారు దూరంగా ఉండవచ్చు, వారిని ఎవరూ బలవంతం చేయరు. కానీ రాజకీయాలు తెలియకుండా మాత్రం ఆ ప్రాంగణంలో రెండేళ్లు గడపలేరు.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. అంత పెద్ద ప్రాంగణంలో ఒంటరితనం కూడా పెద్దదే. ఏయూలో మనసు బాగోలేకపోతే పది నిమిషాల్లో జనం మధ్యకు వెళ్లవచ్చు, లేదా రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి ఊళ్లో ఉండవచ్చు. హెచ్‌సీయూలో సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయినప్పుడు మిగిలిపోయినవారి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. మెస్ తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు, అది రెండు చోట్లా మెస్ తిండే. చేపల కూర మీద ప్రాణం పెట్టుకున్నవారు ఏయూలోనే ఉండాలి.

రాకపోకలు అనుకున్నంత కష్టం కాదు. విశాఖలో ఉదయం జన్మభూమి ఎక్కితే అది లింగంపల్లి వరకు వెళుతుంది. అక్కడి నుంచి విశ్వవిద్యాలయం దగ్గరే. రాత్రి ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. 2023 నుంచి వందే భారత్ కూడా నడుస్తోంది గానీ విద్యార్థి జేబుకు ఆ టికెట్ బరువే. సంక్రాంతికి ఇంటికి రావాలనుకుంటే బుకింగ్ తెరిచిన రోజునే టికెట్ తీసుకోవాలి, లేకపోతే ప్రైవేటు బస్సువాడు అడిగినంత ఇచ్చుకోవాలి.

నక్షత్రాలు వేయమంటే సముద్ర, భూ విజ్ఞానాలకు ఏయూకు అయిదు వేస్తాను, హెచ్‌సీయూ ఈ పోటీలో వెనుకే ఉంటుంది. ప్రాథమిక విజ్ఞానాలు, ఆర్థికశాస్త్రం, ఇంగ్లీషు, భాషాశాస్త్రం, కమ్యూనికేషన్ వంటి వాటిలో హెచ్‌సీయూకు నాలుగున్నర, ఏయూకు శాఖను బట్టి రెండు నుంచి నాలుగు. తెలుగు ఎం.ఏ. విషయంలో నా మొగ్గు ఏయూ వైపే. విశాఖ సాహిత్య వాతావరణం ఆ చదువులో సగం. మానవ వనరుల కోర్సుకు కూడా అంతే, పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో ఆ చదువుకు అర్థం ఎక్కువ. సాంఘిక జీవితానికి మాత్రం ఒకే అంకె వేయలేను. ఇప్పటి వరకు ఇల్లు దాటని విద్యార్థికి హెచ్‌సీయూ అయిదు, పల్లె నుంచి వచ్చి విశాఖనే తొలిసారి చూస్తున్న విద్యార్థికి ఏయూ అయిదు.

చివరగా తేదీల సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఇబ్బంది పడుతున్నారు. హెచ్‌సీయూలో ఎక్కువ పీజీ కోర్సులకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. దానికి దరఖాస్తులు సాధారణంగా చలికాలంలోనే మొదలవుతాయి, పరీక్ష మార్చి ప్రాంతంలో ఉంటుంది. ఏయూకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాయాలి. అది సాధారణంగా జూన్‌లో జరుగుతుంది, కౌన్సెలింగ్ ఆ తరువాత ఎప్పుడో. అంటే హెచ్‌సీయూ సీటు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోవలసిన రోజుకు ఏయూలో ఏ సీటు వస్తుందో తెలియదు. రెండు సీట్లూ చేతిలో పెట్టుకుని ఆలోచిద్దామనుకుంటే కుదరదు కాబట్టి, ఈ చర్చ డిగ్రీ చివరి ఏడాది డిసెంబరులోనే ఇంట్లో పూర్తి కావాలి. బీసీ విద్యార్థులు మరొకటి గమనించాలి: హెచ్‌సీయూలో చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా, నాన్-క్రీమీలేయర్ పత్రం, రాష్ట్రంలోని బీసీ-ఏ, బీసీ-డీ పత్రాలు అక్కడ పనికిరావు, రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. ఆ పత్రం సాధారణంగా కొత్త ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు, కనుక ఏప్రిల్ మొదటి వారంలోనే మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. తహసీల్దారు సంతకానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.